కారు స్టార్ట్ కాక మొరాయిస్తోందా? పదే పదే సెల్ఫ్ కొట్టొద్దు.. ముందు ఆ శబ్దం వినండి

కారు స్టార్ట్ కాకపోతే చాలామంది చేసే మొదటి పని తాళం మళ్లీ తిప్పడం. రెండోసారి, మూడోసారి, పదోసారి.. బ్యాటరీలో మిగిలిన ఆ కాస్త చార్జింగ్ కూడా అయిపోయే దాకా తిప్పుతూనే ఉంటారు. పట్టణంలో అయితే ఫోన్ చేస్తే అరగంటలో మెకానిక్ వస్తాడు. కానీ ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ మార్గాల్లో ఆ అవకాశం అన్నిచోట్లా ఉండదు. అక్కడ బ్యాటరీలో మిగిలిన చార్జింగే ఇంటికి చేర్చే ఆధారం.

నిజానికి కారు స్టార్ట్ కానప్పుడు చేసే శబ్దమే సగం సమస్యను చెప్పేస్తుంది. ఆ శబ్దాన్ని బట్టి లోపం బ్యాటరీలో ఉందా, సెల్ఫ్ మోటార్‌లో ఉందా, ఇంధనం అందడం లేదా అన్నది డ్రైవరే తేల్చుకోవచ్చు. ఒక్క సందర్భంలో మాత్రం తాళం అసలు ముట్టుకోకూడదు. అది ఎప్పుడు? మిగతా లోపాలను ఎలా గుర్తించాలి? పూర్తి వివరాలు ఇవీ..

ఈ ప్రాంతంలో సమస్య ఎందుకు ఎక్కువ?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరే దారిలో వాహనాల రద్దీ ఎప్పుడూ ఉంటుంది. శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశి రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. భద్రాచలం దాటాక మాత్రం సీన్ మారిపోతుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లినా, ఏపీలోని చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కినా ఊరికీ ఊరికీ మధ్య దూరం పెరుగుతుంది. పెట్రోల్ బంకులు తగ్గిపోతాయి. కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు.

దీనికి వాతావరణం తోడవుతుంది. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల దాకా వెళ్తుంది. జులై, ఆగస్టుల్లో గోదావరి, వాగుల వరదలు. డిసెంబర్, జనవరిల్లో ఏజెన్సీ గ్రామాల్లో తెల్లవారుజామున గట్టి చలి. కారు స్టార్ట్ కాకపోవడానికి ఉండే ప్రధాన కారణాలన్నీ ఈ ఒక్క ప్రాంతంలోనే ఏడాది పొడవునా కనిపిస్తాయన్నమాట.

ఇంజిన్ స్టార్ట్ కావాలంటే ఏం కావాలి?

లోపం వెతకాలంటే ముందు ఇది తెలియాలి. ఇంజిన్ స్టార్ట్ కావడానికి నాలుగు పనులు వరుసగా జరగాలి.

1. బ్యాటరీ నుంచి కరెంట్ అంది సెల్ఫ్ మోటార్ ఇంజిన్‌ను తిప్పాలి.
2. ట్యాంక్ నుంచి ఇంధనం సరైన ఒత్తిడితో ఇంజెక్టర్లకు చేరాలి.
3. పెట్రోల్ కారులో స్పార్క్ ప్లగ్ నిప్పు ఇవ్వాలి. డీజిల్ కారులో గాలి బాగా నొక్కుకుపోయి వేడెక్కాలి.
4. కారులోని కంప్యూటర్.. అంటే ఈసీయూ తాళాన్ని గుర్తుపట్టి అనుమతి ఇవ్వాలి.

ఇంజిన్ అసలు తిరగకపోతే లోపం ఎక్కువగా మొదటి దాంట్లోనే ఉంటుంది. ఇంజిన్ బాగానే తిరుగుతూ అందుకోకపోతే మిగతా మూడింట్లో వెతకాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్లే.

ఒక్క నిమిషంలో చేసే పరీక్ష

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. ఆటోమేటిక్ కారు అయితే గేర్ ‘పీ’లో ఉండాలి. ఏసీ, మ్యూజిక్ సిస్టమ్ ఆపేయాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు వేసి, వాటిని చూస్తూ ఒక్కసారి సెల్ఫ్ కొట్టాలి. చీకట్లో అయితే ఎదురుగా చెట్టు మీదో గోడ మీదో పడే వెలుతురు చూసినా చాలు.

లైట్లు ముందే మసకగా ఉంటే, లేదా సెల్ఫ్ కొట్టగానే దాదాపు ఆరిపోతే.. బ్యాటరీలో చార్జింగ్ లేదు, లేదంటే టెర్మినల్ కనెక్షన్ వదులైంది.

లైట్లు బాగా వెలుగుతూ ‘టక్’ అని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతే.. సెల్ఫ్ మోటార్‌ను, దాని మీద ఉండే సోలినాయిడ్‌ను అనుమానించాలి.

లైట్లు బాగా వెలుగుతూ ఏ శబ్దమూ రాకపోతే.. క్లచ్ స్విచ్, గేర్ స్విచ్, ఫ్యూజ్, రిలే, తాళం.. వీటిలో ఏదో ఒకటి.

లైట్లు పెద్దగా తగ్గకుండా ఇంజిన్ ఎప్పటిలాగే తిరిగితే.. బ్యాటరీ బాగానే ఉంది. ఇంధనం, స్పార్క్ వైపు చూడాలి.

ఒక నియమం మాత్రం మర్చిపోవద్దు. ఒక్కోసారి 5 నుంచి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి. సెల్ఫ్ మోటార్ ఒకేసారి వంద ఆంపియర్లకు పైగా కరెంట్ లాగుతుంది. డీజిల్ కార్లలో ఇంకా ఎక్కువ. ఆపకుండా కొడితే బ్యాటరీ దిగిపోవడమే కాదు, మోటార్ కూడా కాలిపోతుంది. మూడు, నాలుగు ప్రయత్నాల తర్వాత ఆపేసి కారణం వెతకడం మంచిది.

ఏ శబ్దం వస్తే ఏం అర్థం?

టక టక టక మని వరుసగా: చార్జింగ్ తక్కువగా ఉన్న బ్యాటరీకి ఇది గుర్తు. సోలినాయిడ్ పట్టుకోవడానికి చాలినంత కరెంట్ ఉంది కానీ మోటార్ తిప్పడానికి లేదు. అందుకే పట్టుకుని వదిలేస్తుంటుంది. టెర్మినల్ వదులుగా ఉన్నా ఇదే శబ్దం వస్తుంది.

ఒక్కసారే ‘టక్’: సోలినాయిడ్ పనిచేసింది, మోటార్ తిరగలేదు. మోటార్‌లోని కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే ఇలా అవుతుంది. మోటార్ మీద స్పానర్ పిడితో మెల్లగా తడితే ఒకసారి స్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. అయితే బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ మీద ఉన్నప్పుడే, మోటార్ చేతికి అందే చోట ఉంటేనే ఈ పని చేయాలి. కారు కిందికి దూరొద్దు. స్టార్ట్ అయ్యాక నేరుగా గ్యారేజీకి వెళ్లాలి.

‘ర్.. ర్.. ర్’ అని నీరసంగా తిరగడం: దిగిపోతున్న బ్యాటరీ, తుప్పు పట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ వైరు.. ఈ మూడే ముఖ్య కారణాలు.

‘జుయ్’ మని మోటార్ ఒక్కటే తిరగడం: మోటార్ తిరుగుతోంది, కానీ దాని పళ్ల చక్రం ఇంజిన్‌కు పట్టడం లేదు. ఇది గ్యారేజీ పనే.

బాగా తిరుగుతుంది, అందుకోదు: ఇంధనం, స్పార్క్, సెన్సార్ లేదా ఇమ్మొబిలైజర్.

స్టార్ట్ అయి రెండు సెకన్లకే ఆగిపోవడం: చాలా కార్లలో ఇది తాళాన్ని గుర్తుపట్టలేదనడానికి గుర్తు. డ్యాష్‌బోర్డ్ మీద తాళం బొమ్మ ఉన్న లైటు మెరుస్తుంటే దాదాపు ఖాయం.

ఎండలు చేసే దెబ్బ.. వానల్లో బయటపడుతుంది

బ్యాటరీకి చలే శత్రువు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ దెబ్బ తీసేది ఎండ. వేడికి లోపలి రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. ప్లేట్లు తొందరగా తుప్పు పడతాయి. నీళ్లు ఆవిరైపోతాయి. అయితే వేసవిలో ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ నష్టం పైకి కనపడదు. జులైలో వాన పడిన ఉదయమో, డిసెంబర్ చలిలోనో ఒక్కసారిగా బయటపడుతుంది. ‘నిన్నటి దాకా బాగానే ఉంది’ అని ఓనర్లు అనేది అందుకే.

సాధారణంగా కారు బ్యాటరీ 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది. ఎండలు మండే ప్రాంతాల్లో మూడేళ్లు దాటిన బ్యాటరీని నమ్ముకుని అటవీ మార్గంలో దూర ప్రయాణం పెట్టుకోవడం రిస్కే. చిన్న మల్టీమీటర్ ఉంటే పరిస్థితి తేలిగ్గా తెలుస్తుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మీటర్ చాలు.

బండి ఆపి కొన్ని గంటలయ్యాక చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం చార్జింగ్. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోకూడదు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగా చార్జ్ చేస్తోందని అర్థం. కొన్ని కొత్త కార్లలో ఈ అంకె కాస్త అటూ ఇటూ మారుతుంటుంది.

ఇక్కడే చాలామంది జేబుకు చిల్లు పడుతుంది. డైనమో పాడైతే కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజులకు మళ్లీ అదే కథ. కాబట్టి బ్యాటరీ మార్చే ముందు ఈ మూడు అంకెలు చూపించమని షాపులో అడగాలి. లోడ్ టెస్ట్ చేయించాలి.

నెలల తరబడి కదలని కారు సంగతి వేరు. బండి ఆపేసినా అలారం, గడియారం, డ్యాష్ కెమెరా, జీపీఎస్ కొద్దికొద్దిగా కరెంట్ లాగుతూనే ఉంటాయి. ఉదాహరణకు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. నెల తిరిగేసరికి 36. చిన్న కార్లలో ఉండే బ్యాటరీ కెపాసిటీయే 35 ఆంపియర్ అవర్ల దగ్గర ఉంటుంది. అంటే నెలలో ఖాళీ! వారానికి ఒకసారైనా అరగంట నడపడం, లేదంటే నెగెటివ్ టెర్మినల్ తీసి ఉంచడం దీనికి మందు.

టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పాలి. వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, బాగా తుడిచి బిగించాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర్లో నెగెటివ్. పైన కాస్త వ్యాజిలిన్ రాస్తే మళ్లీ తొందరగా పట్టదు. టెర్మినల్ చేత్తో తిప్పితే కదిలిందంటే బిగించాల్సిందే. చాలాసార్లు సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

జంప్ స్టార్ట్.. లారీ నుంచి మాత్రం వద్దు

కొత్తగూడెం, మణుగూరు చుట్టూ సింగరేణి గనులు ఉండటంతో ఈ దారుల్లో లారీలు ఎక్కువ. బండి ఆగితే ముందు సాయానికి ఆగేది కూడా లారీ డ్రైవర్లే. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. పెద్ద లారీలు, ఆర్టీసీ బస్సుల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టుల సిస్టమ్ ఉంటుంది. కారుది 12 వోల్టులే. 24 వోల్టుల కనెక్షన్ కారుకు ఇస్తే ఈసీయూ, ఫ్యూజులు, లైట్లు కాలిపోవచ్చు. బ్యాటరీ పేలే ప్రమాదం కూడా ఉంది. ‘రెండింట్లో ఒక్కదాని నుంచే ఇస్తాం’ అన్నా చీకట్లో పొరపాటు జరిగితే నష్టం కారు ఓనర్‌దే. లారీ వాళ్ల నుంచి తీసుకోవాల్సిన సాయం పక్క ఊరి దాకా లిఫ్ట్, లేదా గ్యారేజీకి కబురు. బైక్, ఆటో బ్యాటరీలు 12 వోల్టులవే అయినా చిన్నవి కావడంతో కారును తిప్పలేవు. ఇంకో కారు లేదా జీపు అయితే సరైనది.

జంపర్ కేబుల్ కలిపే వరుస ఇదీ..

1. రెండు బండ్లూ ఆపి, ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా పెట్టాలి.
2. ఎర్ర కేబుల్ ఒక చివర దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో చివర మంచి బ్యాటరీ పాజిటివ్‌కు.
3. నల్ల కేబుల్ ఒక చివర మంచి బ్యాటరీ నెగెటివ్‌కు.
4. నల్ల కేబుల్ రెండో చివర ఆగిపోయిన కారు ఇంజిన్ మీద రంగు లేని లోహపు భాగానికి. బ్యాటరీకి దూరంగా పెట్టాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పుడితే అక్కడ చేరిన గ్యాస్ అంటుకుంటుంది.
5. మంచి బండిని స్టార్ట్ చేసి 5 నిమిషాలు ఆగి, తర్వాత ఆగిపోయిన కారు సెల్ఫ్ కొట్టాలి.
6. స్టార్ట్ అయ్యాక కలిపిన దానికి వెనుక వరుసలో విప్పాలి.

ఎరుపు, నలుపు తారుమారైతే ఫ్యూజులు పోతాయి. అనుమానం ఉంటే కలపొద్దు. స్టార్ట్ అయ్యాక బండిని మధ్యలో ఎక్కడా ఆపకుండా ఊరు చేర్చడమే మేలు.

తోసి స్టార్ట్ చేయొచ్చా?

మాన్యువల్ గేర్ కారు అయితే, బ్యాటరీలో కొంచెమైనా చార్జింగ్ ఉంటే వీలవుతుంది. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, రెండో గేర్ వేసి, క్లచ్ నొక్కి ఉంచి తోయించాలి. వేగం అందుకున్నాక క్లచ్ ఒక్కసారిగా వదిలి మళ్లీ నొక్కాలి. ఆటోమేటిక్ కార్లకు ఇది పనిచేయదు. బీఎస్‌6 కార్లలో పదే పదే ఇలా చేస్తే కాలని ఇంధనం సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడు చేస్తుంది.

ఘాట్ రోడ్డు మీద దిగుడుకు వదిలి స్టార్ట్ చేయాలనుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేక్ రెండు, మూడుసార్లు నొక్కేసరికి గట్టిపడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. మారేడుమిల్లి లాంటి మలుపుల్లో ఆ ప్రయత్నం అసలు వద్దు.

ఇంజిన్ తిరుగుతోంది.. అందుకోవడం లేదు

పెట్రోల్ కారు: సెల్ఫ్ కొట్టకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి చెవి పెట్టాలి. వెనుక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు ‘మ్..’ అని ఫ్యూయల్ పంప్ శబ్దం వినపడాలి. వినపడకపోతే పంప్, దాని ఫ్యూజు లేదా రిలే పోయి ఉండొచ్చు. వినపడితే రెండు, మూడుసార్లు ఇగ్నిషన్ ఆన్, ఆఫ్ చేసి తర్వాత సెల్ఫ్ కొడితే లైన్‌లో ఒత్తిడి పెరిగి స్టార్ట్ అయ్యే చాన్స్ ఉంది. ఇలా చేస్తేనే ప్రతి ఉదయం స్టార్ట్ అవుతోందంటే రాత్రికి రాత్రి ఇంధనం ఒత్తిడి దిగిపోతోందని అర్థం. రిజర్వ్‌లోనే బండి నడిపే అలవాటు పంప్‌ను తొందరగా చంపేస్తుంది. ట్యాంక్‌లోని పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది మరి.

పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజిన్‌లోకి ఎక్కువ ఇంధనం చేరినట్లు. పది నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. చాలా ఇంజెక్షన్ కార్లలో ఇలా చేస్తే ఇంధనం ఆగి, లోపలిది ఆరిపోతుంది.

ఇంధనం నాణ్యత: రోడ్డు పక్క సీసాల్లో అమ్మే పెట్రోల్ పోయించుకున్నాక బండి మొరాయిస్తే ముందు దాన్నే అనుమానించాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా కదలకుండా పెట్టిన కారు ట్యాంక్‌లోకి నీరు చేరితే అది అడుగుకు దిగి పంప్‌కు అందుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో రబ్బరు పైపులు, సీళ్లను కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.

డీజిల్ కారు: ఇగ్నిషన్ ఆన్ చేశాక చుట్టలు చుట్టినట్లుండే లైటు ఆరే దాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. చలికాలం ఉదయం మాత్రమే ఇబ్బంది పెడుతూ, స్టార్ట్ అయ్యాక తెల్లటి పొగ వదులుతుంటే గ్లో ప్లగ్‌లు చూపించాలి. ట్యాంక్ పూర్తిగా అయిపోయి ఆగితే డీజిల్ పోసినా వెంటనే స్టార్ట్ కాదు. లైన్‌లో గాలి చేరుతుంది. ఫిల్టర్ మీద చేతి పంప్ ఉంటే అది గట్టిపడే దాకా నొక్కాలి. పొరపాటున డీజిల్ కారులో పెట్రోల్ పోయిస్తే ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు. ట్యాంక్ ఖాళీ చేయించాల్సిందే.

సీఎన్‌జీ కారు: చాలా మోడళ్లు పెట్రోల్‌తో స్టార్ట్ అయి తర్వాత గ్యాస్‌కు మారతాయి. గ్యాస్ నిండుగా ఉన్నా ట్యాంక్‌లో పెట్రోల్ లేకపోతే ఇవి మొరాయిస్తాయి.

తాళం: పుష్ బటన్ కార్లలో కీ ఫోబ్ లోపలి చిన్న సెల్ అయిపోతే కారు గుర్తుపట్టదు. చాలా మోడళ్లలో ఫోబ్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే పనవుతుంది. ఇంకో తాళం ఉంటే దాంతో ప్రయత్నించాలి.

ఎలుకలు: ఊళ్లలో, పొలాల పక్కన నిలిపే కార్లకు ఇది మామూలే. బానెట్ తీస్తే నమిలిన వైర్లు, గడ్డి, రెట్టలు కనిపిస్తాయి. కొరికిన వైరుకు టేపు చుట్టి దూర ప్రయాణం చేయొద్దు. షార్ట్ సర్క్యూట్ అయితే మంటలే.

వేడెక్కాక స్టార్ట్ కాకపోతే..

ఉదయం బాగానే ఉంటుంది. రెండు గంటలు నడిపి, టీ కోసం ఆపి మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ కాదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్లు స్టార్ట్ అవుతుంది. ఈ లక్షణం కనిపిస్తే క్రాంక్ సెన్సార్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఎంత తిరుగుతోందో ఈసీయూకు చెప్పేది అదే. వేడికి దాని లోపలి తీగ తెగినట్లయి, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. సెల్ఫ్ మోటార్ కూడా వేడికి ఇలాగే బిగుసుకునే అవకాశం ఉంది. పాత కార్బురేటర్ జీపుల్లో అయితే పైపులో పెట్రోల్ ఆవిరైపోవడం కారణం. అప్పట్లో డ్రైవర్లు ఫ్యూయల్ పంప్ మీద తడిగుడ్డ వేసేది అందుకే.

బానెట్ ఎత్తి నీడలో ఆగడమే తక్షణ పరిష్కారం. వేడి ఇంజిన్ మీద నీళ్లు చల్లొద్దు.

నీట మునిగిన కారు.. తాళం ముట్టుకోవద్దు

తాళం అసలు ముట్టుకోకూడని సందర్భం ఇదే. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఉప్పొంగి ఖమ్మంలోని కాలనీలను ముంచెత్తింది. ఇలాంటి వరదల్లో ఇళ్ల ముందు నిలిపిన వాహనాలకూ ముంపు తప్పదు.

నీరు తగ్గాక ‘ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అనుకోవడమే పెద్ద పొరపాటు. ఇంజిన్ సిలిండర్‌లో గాలి నొక్కుకుపోతుంది కానీ నీరు నొక్కుకుపోదు. లోపల నీరు ఉండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ ఆ నీటిని ఢీకొట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. శుభ్రం చేయిస్తే బాగుపడే ఇంజిన్ ఆ ఒక్క సెకనుతో మొత్తం మార్చాల్సిన స్థితికి వస్తుంది.

బీమాలోనూ ఇదే మెలిక. వరద నష్టం సాధారణంగా సమగ్ర బీమా పాలసీ కిందికి వస్తుంది. కానీ మునిగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని చాలా పాలసీలు ఒప్పుకోవు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉండాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత కారు నష్టానికి ఏమీ రాదు.

చేయాల్సినవి ఇవీ.. నీటి మట్టం ఎక్కడిదాకా వచ్చిందో తెలిసేలా ఫొటోలు తీయాలి. బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. బీమా కంపెనీకి సమాచారం ఇవ్వాలి. కారును తోసి స్టార్ట్ చేయకుండా టోయింగ్‌లో గ్యారేజీకి తరలించాలి. అక్కడ ప్లగ్‌లు లేదా ఇంజెక్టర్లు విప్పి నీరు తీశాకే ఇంజిన్ తిప్పాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసినట్లే.

పొంగుతున్న వాగు మీద చప్టా దాటుతుండగా ఇంజిన్ ఆగినా ఇదే నియమం. సెల్ఫ్ జోలికి పోకుండా ముందు మనుషులు బయటపడాలి. అసలు రోడ్డు మీంచి నీరు పారుతుంటే బండి దింపకపోవడమే మంచిది.

అడవి దారిలో ఆగితే ఏం చేయాలి?

వీలైతే బండిని రోడ్డు అంచుకు నెట్టి, వెనుక 50 మీటర్ల దూరంలో రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టాలి. చీకట్లో ఆగి ఉన్న బండిని వెనుక నుంచి వచ్చే వాహనం ఢీకొట్టడమే అసలు ప్రమాదం. హజార్డ్ లైట్లు వేయాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోవర్, పాటలు ఆపేయాలి. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఉన్న ఊరి పేరు, అంకె రాసుకోవాలి. సాయానికి వచ్చేవారికి అదే అడ్రస్.

అత్యవసరమైతే 112, ఎవరికైనా ఆరోగ్యం బాగోకపోతే 108, జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయొచ్చు. కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు మీదుగా వెళ్లేది 30వ నంబర్ జాతీయ రహదారే. సిగ్నల్ లేకపోతే వచ్చే బస్సు డ్రైవర్‌కో కండక్టర్‌కో విషయం, రాయి నంబర్ రాసిచ్చి పంపాలి. రాత్రి పూట సిగ్నల్ కోసం అడవిలోకి నడవొద్దు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యం లాంటి చోట్ల అడవి జంతువులు రోడ్డు దాటుతుంటాయి.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

‘బండి స్టార్ట్ కావట్లేదు’ అంటే సరిపోదు. ఎలాంటి శబ్దం వచ్చింది? ఇంజిన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా? లైట్లు తగ్గాయా? చివరిసారి ఇంధనం ఎక్కడ పోయించారు? బ్యాటరీ వేసి ఎన్నేళ్లైంది? ఈ ఐదూ ఫోన్‌లోనే చెబితే మెకానిక్ సరైన సామానుతో వస్తాడు. రెండోసారి తిరిగే ఖర్చు తప్పుతుంది.

ఈ మధ్య కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. స్కానర్ పెడితే లోపం కోడ్ వస్తుంది. పీ0335 వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పీ0340 అయితే క్యామ్ సెన్సార్, పీ0230 ఫ్యూయల్ పంప్ సర్క్యూట్, పీ0087 ఇంధనం ఒత్తిడి తక్కువ, పీ0562 బ్యాటరీ వోల్టేజ్ తక్కువ అని అర్థం. అయితే కోడ్ చూపించేది దారి మాత్రమే. సెన్సార్ కోడ్ వచ్చిందని వెంటనే సెన్సార్ మార్చేయకుండా దాని వైరు, కనెక్టర్ బాగున్నాయో లేదో ముందు చూడమనాలి. పాత పార్టు తిరిగి అడిగి తీసుకోవాలి.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు..

ప్రయాణానికి ముందు రోజే బ్యాటరీ టెర్మినల్స్ బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. బ్యాటరీ వయసు మూడేళ్లు దాటితే పరీక్ష చేయించాలి. భద్రాచలం దాటి అటవీ మార్గంలోకి వెళ్లేవారు అక్కడే ట్యాంక్ నింపుకోవడం మేలు. బండిలో జంపర్ కేబుల్స్, టార్చ్, 10 నంబర్ స్పానర్, కొన్ని ఫ్యూజులు, ట్రయాంగిల్, మంచినీళ్లు, ఫోన్ పవర్ బ్యాంక్ ఉంచుకోవాలి. సిగ్నల్ లేని చోట పనికొచ్చేలా కారు మాన్యువల్, మెకానిక్ నంబర్ కాగితం మీద ఉండాలి.

గత వారంలో సెల్ఫ్ ఒక్కసారైనా నీరసంగా తిరిగిందంటే అది హెచ్చరిక. బ్యాటరీ చెప్పాపెట్టకుండా చచ్చిపోవడం అరుదు. చాలాసార్లు ముందు రెండు, మూడు రోజులు చెబుతూనే ఉంటుంది. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఉండగా ఆ మాట వింటే అరగంట పని. చర్ల దారిలో చీకటి పడ్డాక వింటే రాత్రంతా జాగారమే.